హిల్కా బేస్‌కి ఔలిస్ మెడ

బేస్ వాయించేవాళ్ళ బతుకే అంత. సరిగ్గా వాయించినంతసేపూ ఎవరికీ వినపడరు, ఒక్కసారి తప్పితే ఊరంతా వింటుంది. ఈ మాట హిల్కా ముప్పై ఏళ్ళుగా వింటోంది, అదీ సొంత బ్యాండు నాయకుడి నోటి నుంచే. అకార్డియన్ వాయించే ఒస్మోకి ఇంతకు మించిన హాస్యం చేతకాదు. "ఇవాళ హిల్కా వచ్చిందంటారా? ఏమో, నాకు వినపడలేదే!" అంటాడు మైకులో. జనం నవ్వుతారు. ఆమె నవ్వదు. తను నవ్వకపోతేనే అది బాగా పండుతుందని ఆమెకు తెలుసు.

కైస్లా సరస్సు ఒడ్డునున్న చెక్క మంటపంలో వేసవి ఆదివారాలు మధ్యాహ్నం పూట డాన్సులు జరుగుతాయి. రెండు బ్యాండులు, తలా అరగంట, ఒకదాని తర్వాత ఒకటి. ఒస్మో బ్యాండులో బేస్ గిటారు హిల్కాది, రెండో బ్యాండులో ఔలిస్‌ది. ఆమె ఎక్కేటప్పుడు అతను దిగుతాడు, అతను ఎక్కేటప్పుడు ఆమె దిగుతుంది. వేదిక పక్కనున్న నాలుగు మెట్ల మీద ఎదురుపడి ఆడుకున్న మాటలే వాళ్ళిద్దరి మధ్యా ఉన్న స్నేహమంతా. "మైకు కూస్తోంది, చూసుకో." "మూడో తీగ దిగుతోంది." "వాన పడేలా ఉంది." ముప్పై వేసవుల్లో పోగైతే ఇవీ తక్కువేం కాదు. అతను కాఫీలో పంచదార వేసుకోడని, భార్య పోయిన ఏడాది కూడా ఒక్క ఆదివారం మానలేదని, ఎక్కువ దుఃఖం కలిగినప్పుడు ఎక్కువసేపు శ్రుతి చేసుకుంటాడని తెలియడానికి ఆ నాలుగు మెట్లూ సరిపోయాయి.

కలిసి డాన్సాడింది మాత్రం ఒక్కసారీ లేదు. ఎలా ఆడతారు? ఒకరు కింద ఉంటే ఇంకొకరు పైన. మిగతా రోజుల్లో చూద్దామా అంటే ఒకరి ఊరికీ ఇంకొకరి ఊరికీ ఎనభై కిలోమీటర్లు. నిజానికి కావాలనుకున్నవాళ్ళకి ఎనభై కిలోమీటర్లు ఒక లెక్క కాదు. కానీ సిగ్గరులకి సాకు ఒకటి దొరికితే చాలు, దానితోనే ఏళ్ళకేళ్ళు నెట్టుకొచ్చేస్తారు. హిల్కా మొగుణ్ణి వదిలేసి పదిహేనేళ్ళు, ఔలిస్ భార్య పోయి ఎనిమిదేళ్ళు. సాకు మాత్రం చెక్కు చెదరలేదు.

రెండు చలికాలాల కిందట హిల్కా ఎడమ అరచేతిలో, ఉంగరపు వేలి కింద, బఠాణీ గింజంత గట్టి ముడి ఒకటి లేచింది. నొప్పేమీ లేదు. తర్వాత ఆ వేలూ, పక్కనున్న చిటికెన వేలూ మెల్లమెల్లగా లోపలికి వంగడం మొదలుపెట్టాయి. ఆ ప్రాంతపు ముసలివాళ్ళకి ఇది కొత్త జబ్బు కాదు. ఆమె తండ్రి చెయ్యి చివరి రోజుల్లో ఎప్పుడూ కనపడని కొడవలి పిడి పట్టుకున్నట్టే ఉండేది. డాక్టరమ్మ చూసి, "కొయ్యచ్చు. కోసినా మళ్ళీ వంగచ్చు, వంగకపోవచ్చు. ఏదైనా ఈ వేసవికి మాత్రం వాయించలేరు," అంది. హిల్కా ఆ చేతిని కోటు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేసింది. అప్పట్నుంచీ, వాయించేటప్పుడు తప్ప, మనుషుల ముందు ఆ చెయ్యి జేబులోనే ఉంది.

ఆ వేళ్ళకి ముడుచుకోవడం వచ్చు, తెరుచుకోవడమే రాదు. హిల్కా బేస్‌ది మొద్దు రకం. వెడల్పాటి మెడ. దాని మీద అన్నిటికంటే లావు తీగ అందాలంటే వేళ్ళు బాగా చాచాలి. ఆ వేసవి మొదటి ఆదివారం ఆమె రెండు చోట్ల తప్పింది. మూడో ఆదివారానికి లెక్కపెట్టడం మానేసింది. జనం ఎవరూ ఏమీ అనలేదు గానీ, టాంగో మధ్యలో జంటలు ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకున్నారు, ఎందుకు తొక్కుకున్నారో వాళ్ళకే అంతుపట్టలేదు. ఆ రోజు ఒస్మో మైకులో తన హాస్యం ఆడలేదు. దాంతో హిల్కాకి గుండె జారిపోయింది.

వ్యానులోకి సామాను ఎక్కిస్తూ ఒస్మో గొంతు సవరించుకున్నాడు.

"జూన్ ఆఖరి ఆదివారం దాకా చూద్దాం, హిల్కా. తర్వాత... లాహ్తీ ఊళ్ళో బేస్ వాయించే ఒకాయన ఉన్నాడు. ఖాళీగానే ఉన్నాడట."

"అంటే నన్ను దింపేస్తావన్నమాట."

"నేనెందుకు దింపుతాను? నీ చెయ్యి దింపుతోంది. చూడనట్టు ఎన్నాళ్ళని నటించను?"

"ముప్పై ఏళ్ళు విననట్టు నటించావుగా."

ఒస్మో తల గోక్కుంటూ అకార్డియన్ పెట్టె మూత రెండుసార్లు వేశాడు.

ఇంటికెళ్ళే దారంతా హిల్కా, వేదిక పోతే తనకి ఇంకేం మిగులుతుందా అని వెతుక్కుంది. పోస్టాఫీసు ఉద్యోగం ఉంది. పెరట్లో బంగాళాదుంపలున్నాయి. ఆవిరి స్నానాల గది కప్పు బాగుచేయించాలి. ఇవన్నీ మంచివే. కానీ తన వేలు ఒకటి కదిపితే, ఎదురుగా ఉన్న రెండు వందల పాదాలు అది తమ సొంత ఆలోచనే అనుకుని కదలడం, ఆ సుఖం మరెక్కడా లేదు. అది పోతుందని తలుచుకుంటే ఆమెకి నిజంగానే భయమేసింది.

తర్వాతి ఆదివారం ఔలిస్ మెట్ల మీద ఆగిపోయాడు. పైన అతని బ్యాండు సర్దుకుంటోంది.

"చెయ్యి చూపించు."

"ఏ చెయ్యి?"

"జేబులో దాక్కున్నది."

హిల్కా తియ్యలేదు.

"మా నాన్నకీ ఉండేదిలే," అన్నాడు ఔలిస్. "కాఫీ కప్పు పట్టుకున్నాడంటే మళ్ళీ మేమే విడిపించాలి. విను. నా బేస్‌ది సన్న మెడ. స్క్రూలు విప్పితే ఊడొస్తుంది. నీ మొండేనికి సరిపోతుంది. రెండూ ఒక కార్ఖానా సరుకే కదా. రేపు సాయంత్రం బేస్ పట్టుకుని మా ఊరు రా."

"మరి నీకు?"

"నాకు నీది."

"నీ వేళ్ళకి అది అలవాటు కాదు, ఔలిస్."

"నా వేళ్ళకి వేరే పనేముంది, నేర్చుకుంటాయి."

పైనుంచి డ్రమ్ము పిలిచింది. ఆ మెట్ల మీద వాళ్ళు ఒక్కసారిగా అన్ని మాటలు ఆడుకోవడం అదే మొదలు.

సోమవారం సాయంత్రం ఔలిస్ పడవల పాకలో రెండు బేస్‌లూ ఒక దుప్పటి మీద పక్కపక్కన పడుకున్నాయి. ఆమెది చదరపు భుజాల మొద్దు, తీగల కింద స్వరం పట్టే అయస్కాంతం ఒకటే, అంటే ఒకటే గొంతు. అతనిది వంపు నడుము నాజూకుది, రెండు గొంతులు. తారు వాసన. తలుపు సందులోంచి సరస్సు వెలుగు లోపలికొచ్చి కప్పు మీద ఊగుతోంది. తీగలు వదులు చేసి, వెనక్కి తిప్పి, రేకు బిళ్ళ మీదున్న నాలుగేసి స్క్రూలూ తీశారు. మెడలు ఊడి చేతిలోకి వచ్చాయి. కాసేపు రెండు మొండేలు, రెండు మెడలు, ఏవీ ఎవరివీ కాకుండా ఆ ఊగే వెలుగులో పడున్నాయి. హిల్కాకి వాటిని అలాగే చూస్తూ కూర్చోవాలనిపించింది.

ఔలిస్ తన మెడని ఆమె బేస్ గూట్లో కూర్చోబెట్టి స్క్రూ డ్రైవర్ ఆమె చేతికిచ్చాడు.

"ముందు వెనక్కి తిప్పు."

"వెనక్కా? బిగించాలా, విప్పాలా?"

"వెనక్కే తిప్పు. టక్కుమని ఒక చోట దిగుతుంది చూడు. అదీ. అది పాత దారి. ఇప్పుడు ముందుకి బిగించు. తొందరపడితే కొత్త దారి కోసేసుకుంటుంది. అప్పుడు పాతదీ పోతుంది, కొత్తదీ పట్టు నిలవదు."

బిగించి చూస్తే తీగలు మరీ ఎత్తులో ఉన్నాయి. మెడ కింద పల్చటి అట్టముక్క ఒకటి వేస్తే ఆ ఎత్తు సర్దుకుంటుంది. ఔలిస్ తన గిటారు పెట్టెలో వెతికి, అడుగు నుంచి ఒక పాత టికెట్టు తీశాడు. చాకుతో దాన్ని సగానికి కోస్తుంటే హిల్కా మెడ చాచి చూసింది.

"కైస్లా టికెట్టు కదూ అది? వాయించేవాడికి టికెట్టెందుకు?"

"ఆరేళ్ళ కిందటిది. ఆ ఆదివారం మా బ్యాండు లేదు."

"అవును, ఆ రోజు మేమొక్కళ్ళమే. మరి నువ్వెందుకొచ్చావు?"

"వాన పడింది. లోపలికొచ్చాను."

"వానకి తలదాచుకోడానికి ఎనభై కిలోమీటర్లు వచ్చి టికెట్టు కొన్నావా?"

ఔలిస్ నాలుగు స్క్రూలు తీసి నోట్లో పెట్టుకున్నాడు. నోట్లో స్క్రూలున్న మనిషిని ఎవరూ ప్రశ్నలడగరు, ఈ కిటుకు వడ్రంగులందరికీ తెలిసిందే. టికెట్టులో ఒక సగం ఆమె బేస్ మెడ కిందికి, ఇంకో సగం అతని బేస్ మెడ కిందికి వెళ్ళాయి.

తీగలు ఎక్కించి శ్రుతి చేశాక హిల్కా చెయ్యి జేబులోంచి బయటికి తీసింది. వంగిన రెండు వేళ్ళూ ఆ సన్న మెడని చుట్టుకుని, పెద్దగా చాచకుండానే లావు తీగ మీద ఆనాయి. నొక్కింది. నిండుగా పలికింది.

"అందింది," అంది. కళ్ళు నిండిపోయాయి.

ఔలిస్ అది చూడకుండా, ఆమె మెడ బిగించిన తన బేస్ మీద నాలుగు స్వరాలు వాయించాడు. నాలుగూ తలో దిక్కూ పోయాయి.

"అబ్బా! ఇది మెడా, పడవ తెడ్డా?"

"ఆ తెడ్డుతోనే ముప్పై ఏళ్ళు మీ అందర్నీ ఒడ్డుకి చేర్చాను."

"అందుకే నీకు చెయ్యి వంగింది," అన్నాడతను, పొయ్యి మీద కాఫీ చూస్తూ.

ఆ వారమంతా హిల్కా ఇంటి దగ్గర పడవలరేవు చివర కూర్చుని సాధన చేసింది. కరెంటు లేకపోతే ఆ గిటారుకి గొంతు ఉండదు, దోమ పాడినంత. అందుకని దాని భుజం మీద దవడ ఆనించుకుంది. అప్పుడు స్వరం చెవిలోంచి కాకుండా ఎముకలోంచి వస్తుంది, మనిషి లోపల ఎక్కడో పుట్టినట్టుంటుంది. నీళ్ళు కదలడం లేదు. అవతలి ఒడ్డున ఎవరో తివాచీలు ఉతుకుతున్నారు, బాదిన చాలాసేపటికి చప్పుడు వస్తోంది. ఆమె బొటనవేలు మెడ వెనక తనంతట తానే జారి ఒక నునుపైన చోట ఆగింది. అక్కడ వార్నిష్ పూర్తిగా అరిగిపోయి కొయ్య పట్టులా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఔలిస్ బొటనవేలు కూర్చున్న చోటది.

ఆమె గభాల్న వేలు తీసేసింది. ఎవరైనా చూశారేమోనని వెనక్కి కూడా చూసింది. తర్వాత మళ్ళీ మెల్లగా అక్కడే పెట్టింది. ఏ పాట ఎంతసేపు వాయించిందో గుర్తులేదు. తను వాయిస్తోందా, తన చేతిలోంచి అతను వాయిస్తున్నాడా అన్న సంగతి కూడా కాసేపటికి తేలలేదు. అక్కడ, అతని ఊళ్ళో, తన వెడల్పాటి మెడ మీద తన బొటనవేలు అరగదీసిన చోటు కూడా ఒకటుంది. దాని మీద ఇప్పుడు ఎవరి వేలుందో తలుచుకుని, యాభై ఏడేళ్ళ మనిషి, రేవు మీద ఒక్కతే కూర్చుని సిగ్గుపడింది.

గురువారం సాయంత్రం బ్యాండు సాధనలో ఒస్మో కళ్ళు మూసుకుని రెండు వాల్ట్జ్‌లు, ఒక టాంగో విన్నాడు.

"సరే. లాహ్తీ ఆయనకి ఫోను చెయ్యను."

"అంతేనా?"

"ఇంకేం కావాలి, దండ వెయ్యాలా? ఆ దండేదో ఔలిస్‌కి వెయ్యి. పిచ్చి మనిషి. అతని చోట నేనుంటే ఆ మెడ చచ్చినా ఇచ్చేవాణ్ణి కాను."

"నేనంటే నీకు అంత ప్రేమా?"

"ప్రేమే కాదు, కాస్త తెలివి కూడా ఉంది. నువ్వు దిగిపోయుంటే మన అరగంటలో మీరిద్దరూ కిందే ఉండేవారు కదా! ఆరేళ్ళుగా ఆ మనిషి మన అరగంట మొత్తం మగాళ్ళ వరసలో నిలబడే ఉంటాడు. ఒక్కర్తెనీ డాన్సుకి అడగడు. చూపంతా ఇటే. నీకు తెలీదూ?"

"నేను కాళ్ళు చూస్తాను. మొహాలు చూడను."

"నేను అకార్డియన్ వాయిస్తాను, తల్లీ. కళ్ళు ఖాళీగానే ఉంటాయి."

హిల్కా బేస్ భుజాన ఉండగానే బల్ల మీద కూర్చుండిపోయింది. మెడ కింద ఉన్న సగం టికెట్టు గుర్తొచ్చింది. ఆ రోజు వాన లేదు. ఆమెతో ఆడదామని ఎనభై కిలోమీటర్లు వచ్చి, టికెట్టు కొని, ఆమె బ్యాండు ఒక్కటే వాయిస్తోంది కాబట్టి ఆమె అసలు కిందికే రాలేదని చూసి వెళ్ళిపోయాడు. ఈసారి అతను ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఇంకో రెండు వారాలు ఊరుకుంటే ఆమె తనంతట తానే దిగి కిందికొచ్చేది. అలాంటిది, ఆమె పైనే ఉండాలని, తన డాన్సుని తన చాకుతోనే కోసి ఆమె మెడ కింద పెట్టాడు. ఒకేసారి ఆమెకి అతని మీద కోపమూ వచ్చింది, గుండె నిండా ప్రేమా పొంగింది.

జూన్ ఆఖరి ఆదివారం ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ముందు అరగంట ఔలిస్ బ్యాండుది. హిల్కా కింద నిలబడి మొట్టమొదటిసారి కాళ్ళు కాకుండా అతని చెయ్యి చూసింది. ఆ వెడల్పాటి మెడ మీద అతని వేళ్ళు తడబడుతున్నాయి. రెండుసార్లు తప్పాడు. అతని బ్యాండు గాయని మెడ తిప్పి గుర్రుగా చూసింది. అతను మాత్రం పెదవి బిగించి, స్కూలుకి కొత్తగా చేరినవాడిలా వాయించుకుంటూ పోయాడు.

మెట్ల మీద ఎదురుపడ్డారు.

"తెడ్డు ఎలా ఉంది?"

"నీళ్ళు లోతుగా ఉన్నాయి," అన్నాడు ఔలిస్ చెమట తుడుచుకుంటూ.

హిల్కా అరగంటలో సగం చక్కగా గడిచింది. రెండు వందల పాదాలూ మళ్ళీ ఆమె మాట విన్నాయి. అప్పుడు వేదిక మీదున్న ఎర్రదీపం వెలిగింది. ఇక ఈ పావుగంట అడగాల్సింది ఆడవాళ్ళు. అడిగితే మగవాడు కాదనకూడదు, రెండు పాటలు కలిసి ఆడాలి. ఆడవాళ్ళు నేల దాటి రావడం మొదలుపెట్టారు. ఎర్ర బూట్లు వేసుకున్న ఒకావిడ సూటిగా ఔలిస్ వైపు నడుస్తోంది.

హిల్కా బేస్ దించి స్టాండు మీద పెట్టింది.

"ఒస్మో, ఈ రెండు పాటలకీ నేను లేను."

"ఏంటీ? బేస్ లేకుండా వాల్ట్జా?"

"ఎవరికీ వినపడదన్నావుగా."

ఒస్మో నోరు తెరిచాడు. మాటకి బదులు అకార్డియన్ ఒక నిట్టూర్పు విడిచింది. హిల్కా అప్పటికే నాలుగు మెట్లూ దిగి నేల మీద నడుస్తోంది. పైనుంచి చూసినంత చిన్నది కాదు ఆ నేల. ఎర్ర బూట్లావిడకి ఇంకా మూడడుగులుండగా హిల్కా ఔలిస్ ముందుకొచ్చి నిలబడింది.

"మీతో ఆడచ్చా?"

ముప్పై ఏళ్ళలో అతన్ని మీరు అనడం అదే మొదలు. ఆ నేల మర్యాద అది. ఔలిస్ ఆమెని చూశాడు, వేదిక మీద ఒంటరిగా ఉన్న బేస్‌ని చూశాడు.

"అక్కడెవరు మరి..."

"ఎవరూ లేరు. రండి."

అతను తల వంచి చెయ్యి అందించాడు. కుడిచెయ్యి ఇచ్చింది. ఎడమది మెట్లు దిగేటప్పుడే జేబులోకి వెళ్ళిపోయింది. మిగతా ఆడవాళ్ళు ఆ చేతిని మగవాడి భుజం మీద చక్కగా, వేళ్ళు విప్పి పరుస్తారు. తనది విచ్చుకోదు. ఒక్క క్షణం ఆగి, ఇక దాచి ఏం లాభమని తీసి పెట్టేసింది. భుజమంటే గుండ్రంగానే ఉంటుంది కదా. వంగిన రెండు వేళ్ళూ ఆ గుండ్రం మీద సరిగ్గా కూర్చుని, కోటు గుడ్డ పట్టుకున్నాయి.

పాట మొదలైంది. పైన అకార్డియనూ డ్రమ్మూ ఉన్నాయి, అడుగున మోయాల్సిన బేస్ మాత్రం లేదు. మొదటి నాలుగు ఆవర్తనాలకే జంటల అడుగులు తేలిపోయాయి. జనం తలలెత్తి వేదిక వైపు చూశారు, ఏం తగ్గిందో చెప్పలేక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ఖాళీ ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఆ నేల మీద ఇద్దరే. హిల్కా నుదురు ఔలిస్ దవడకి ఆనింది. అతను సన్నగా, నోరు తెరవకుండా, ఆవర్తనం మొదట్లో పడాల్సిన బేస్ స్వరం ఒక్కొక్కటే పాడుతున్నాడు. అది ఆమెకి చెవిలోంచి రాలేదు, రేవు మీద వచ్చినట్టు ఎముకలోంచి వచ్చింది. అవి ఆమె వాయించే స్వరాలే, ఒక్కటీ వదలకుండా. ఆరేళ్ళు ఆ వరసలో నిలబడి అతను ఏం చేశాడో అప్పుడు తెలిసింది. ఆమె కళ్ళు మూసుకుంది. మంటపం, సరస్సు, మధ్యాహ్నపు వెలుగు అన్నీ మెల్లగా ఒకే వైపు తిరుగుతున్నాయి, తను కాలు ఎత్తుతోందో దింపుతోందో కూడా తెలియడం లేదు. పక్క జంటలు ఎలా పట్టారో ఏమో, వాళ్ళ అడుగులు కూడా కుదుటపడ్డాయి.

రెండు పాటలూ అయిపోయాయి. అడిగింది ఎవరైనా, ఆడవాళ్ళని వాళ్ళ చోటికి తీసుకెళ్ళి దిగబెట్టడం ఆ మంటపంలో మగవాడి వంతు. మిగతా మగవాళ్ళు ఆడవాళ్ళ బల్లల వైపు నడిచారు. ఔలిస్ ఒక్కడే హిల్కా చెయ్యి పట్టుకుని వేదిక వైపు నడిచాడు. ఆ నాలుగు మెట్లూ మొదటిసారి ఇద్దరూ కలిసి ఎక్కారు. అతను స్టాండు మీద నుంచి బేస్ తీసి, ఒకప్పుడు తనదైన మెడని పట్టుకుని, పట్టీ ఆమె భుజాన వేశాడు.

"మూడో తీగ దిగింది, చూసుకో," అన్నాడు.

హిల్కా మీటి చూసింది. తీగ ఏమీ దిగలేదు.

"వచ్చే ఆదివారం వాన పడేలా ఉంది," అంది.

ఔలిస్ మబ్బు లేని ఆకాశం కేసి తలెత్తి చాలాసేపు చూశాడు.

"అయితే టికెట్టు కొంటాను," అని మెట్లు దిగి వెళ్ళాడు.